వాలితేనే పట్టు

గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా మంథని పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రెండు రకాల ఎత్తులు కనిపిస్తాయి. ఒకటి, ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలు. బొగ్గు కోసం తవ్వి తీసిన మన్నూ రాయీ డంపర్లు తెచ్చి పోయగా పెరిగినవి. రెండోది, పొలాల గట్ల మీది తాటిచెట్లు. గుట్ట ఏటవాలు, చెట్టు నిట్టనిలువు. చూపుకు గుట్టే సులువు. కానీ వదులు మట్టి మీద రెండడుగులు పైకి వేస్తే ఒకటిన్నర అడుగు కిందికి జారిపోతాం. తాటిచెట్టు మీదికి మాత్రం గీత కార్మికుడు నడుముకూ చెట్టుకూ కలిపి మోకు తగిలించుకుని మెట్లెక్కినట్టు ఎక్కిపోతాడు.

ఎక్కేటప్పుడు ఆయన ఒంటిని గమనించండి. పడిపోతానేమోనన్న మనిషి చెట్టును కరుచుకుంటాడు. ఈయన దానికి దూరంగా జరుగుతాడు. వీపు గాలిలోకి వాల్చి, కాళ్ళు చాచి, బరువంతా మోకు మీద వేస్తాడు. అలవాటు లేనివాళ్ళం మనం ఎక్కబోతే చెట్టును కావలించుకుంటాం, జారుతాం. దూరం జరిగినవాడికి పట్టు ఎలా దొరుకుతోంది?

ఆ ప్రశ్నకు జవాబు దొరికితే ఒక వీడియో గేమ్‌కు పునాది దొరికినట్టే. అలాంటి ఆటను ఇక్కడ ఊహలో కట్టి చూద్దాం. పేరు ‘మోకు’. మొదటి అంచె తాటిచెట్టు, రెండో అంచె మట్టి గుట్ట. గేమ్ జామ్‌లో లాగా గడువు 48 గంటలు. ఒక మామూలు ల్యాప్‌టాప్, డబ్బు కట్టక్కర్లేని గోడో ఇంజిన్ చాలు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ తయారుచేసిన ఆ ఇంజిన్ 2014 నుంచి అందరికీ తెరిచే ఉంది. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ గదిలో కూర్చుని కూడా చేయగలిగిన పని ఇది.

> గేమ్ జామ్ అంటే
>
> తక్కువ గడువులో ఒక ఆటను మొదటి నుంచి చివరిదాకా తయారుచేసే పోటీ. చాలాచోట్ల పోటీ కన్నా జాతర అనడమే సరైన మాట. అంశం ఏమిటో గడియారం మొదలయ్యేటప్పుడే చెబుతారు. లూడమ్ డారే 2002లో మొదలైంది. గ్లోబల్ గేమ్ జామ్ మొదటిసారి 2009 జనవరిలో, ఒకే వారాంతంలో అనేక దేశాల్లో జరిగింది. కొండెక్కే ఆటల్లో పేరున్న ‘సెలెస్ట్’ను 2015లో మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల చిన్న ఆటగా చేశారు, పూర్తి రూపం 2018లో వచ్చింది. 2025లో స్నేహితులు గుంపుగా ఆడుకున్న ‘పీక్’ కూడా అగ్రో క్రాబ్, ల్యాండ్‌ఫాల్ అనే రెండు చిన్న స్టూడియోలు కలిసి పెట్టుకున్న జామ్‌లోనే పుట్టింది.

## చెట్టును తన్నే కాళ్ళు

బరువు మనిషిని కిందికి లాగుతుంది. ఆపేది పాదానికీ మానుకూ మధ్య ఉండే రాపిడి. ఈ రాపిడికి ఒక గుణం ఉంది: అదిమినంతే పట్టు ఇస్తుంది. బల్ల మీది కాగితాన్ని వేలితో తేలిగ్గా తాకి లాగితే వేలే జారుతుంది. గట్టిగా అదిమి లాగితే కాగితం వెంట వస్తుంది. ఫ్రాన్స్‌లో అమోంటాన్ 1699లో, కూలుంబ్ 1785లో దీన్ని కొలిచి చెప్పారు. అదుముడు రెట్టింపు చేస్తే పట్టు హద్దు కూడా రెట్టింపవుతుంది. ఇవాళ్టి గేమ్ ఇంజిన్ల లోపల నడిచేది ఇంకా ఆ పాత సూత్రమే.

నేల మీద నిలబడితే మన బరువే పాదాన్ని నేలకు అదుముతుంది. నిలువు చెట్టు మీద ఆ సాయం ఉండదు. బరువు మాను వెంబడే కిందికి పోతుంది తప్ప మానును నొక్కదు. నొక్కే బలాన్ని ఇంకెక్కడి నుంచైనా తెచ్చుకోవాలి. దాన్ని తెచ్చిపెట్టేది మోకు.

వెనక్కి వాలినప్పుడు బరువు మనిషిని పాదాల దగ్గర ఇరుసు పెట్టి తిప్పినట్టు వెల్లకిలా పడేయబోతుంది. మోకు పడనివ్వదు, నడుమును చెట్టు వైపు లాగి పడుతుంది. నడుము అటు లాగబడుతుంటే, ఒళ్ళు చెట్టుకు కొట్టుకోకుండా కాళ్ళు అంతే బలంతో మానును తన్నాలి. ఆ తన్నే మనకు కావలసిన అదుముడు. ఎంత వాలితే అంత లాగుడు, ఎంత లాగుడైతే అంత తన్ను, ఎంత తన్నితే అంత పట్టు.

ఒక లెక్క చూద్దాం. మోకు నేలకు సమాంతరంగా ఉందనీ, నడుము పాదాలకు ఎంత ఎత్తులో ఉందో చెట్టుకు అంతే దూరంలో ఉందనీ అనుకోండి. అప్పుడు 60 కిలోల మనిషి కాళ్ళు మానును సరిగ్గా 60 కిలోల బరువుతో అదిమినట్టు అదుముతాయి. నడుము అందులో సగం దూరంలోనే ఉంటే 30 కిలోలే. కావలించుకుంటే దాదాపు సున్నా. భయం మనిషిని ఏ వైపు నెడుతుందో పట్టు అక్కడ ఉండదు. ఈ ఆటను చేయాలనిపించింది అందుకే.

ఇందులో నాకు మరీ నచ్చే సంగతి ఇంకోటుంది. 60 కిలోల మనిషికీ 80 కిలోల మనిషికీ ఒకే వాలు సరిపోతుంది. బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది, అదే పాళ్ళలో కాళ్ళ తన్నూ పెరుగుతుంది. తేడా పడేది మోకుకే, అది ఎక్కువ లాగుడు తట్టుకోవాలి. కాబట్టి మన ఆటలో బొమ్మ బరువు ఎంత పెట్టాలా అని ఒక్క నిమిషం కూడా తల పట్టుకోనక్కర్లేదు.

నిజం మోకు కాస్త ఏటవాలుగా ఉండి, చెట్టు వెనక గరుకును పట్టుకుని కొంత బరువు తానే మోస్తుంది. కాళ్ళకు వేసుకునే తాడు బంధం పాదాలను పక్కకు జారనివ్వదు. 48 గంటల ఆటలో వీటిని వదిలేయాల్సిందే. వదలకూడనిది ఒకటుంది: మోకును పైకి జరిపే క్షణం. జరపాలంటే మోకు వదులు కావాలి. వదులు కావాలంటే ఒళ్ళు చెట్టుకు దగ్గరగా రావాలి. దగ్గరగా వస్తే పట్టు పోతుంది. ప్రతి అడుగులోనూ ఆ ఒక్క లిప్తా చేతులూ మోకాళ్ళే దిక్కు. చెట్టు మీది నుంచి మనిషి పడి ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో తాటిచెట్లున్న ప్రతి ఊరికీ తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, పట్టు తప్పినా మనిషి కిందిదాకా రాకూడదని.

ఆటలో దీనికి రెండు మీటలు చాలు. ఒకటి నొక్కి పట్టుకుంటే బొమ్మ వాలుతుంది. వదిలితే దగ్గరికి వస్తుంది. దగ్గరికి వచ్చిన ఆ కాస్త వ్యవధిలో రెండో మీట నొక్కితే మోకు పైకి ఎగురుతుంది. ఎగిరే మీట లేదు, పరిగెత్తే మీట లేదు. వాలు, విడుపు, విసురు. మళ్ళీ వాలు.

## సెకనును అరవై ముక్కలు చేస్తే

కంప్యూటరుకు చెట్టు తెలియదు, తాడు తెలియదు, పడటమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది కూడికలు, తీసివేతలు. అందుకని కాలాన్ని ముక్కలు చేసి దాని చేతికిస్తాం. గోడోలో మామూలుగా సెకనుకు 60 ముక్కలు. ప్రతి ముక్కలోనూ మూడే పనులు. ఇప్పుడు బొమ్మను ఏ బలాలు లాగుతున్నాయి? వాటివల్ల వేగం ఎంత మారింది? ఆ వేగంతో ఎంత దూరం జరిగింది? జరిపి, బొమ్మను కొత్త చోట గీసి, మళ్ళీ మొదటికి. భూమి లాగుడు వల్ల పడే వస్తువు వేగం ఒక్కో ముక్కకు సెకనుకు 16 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ముక్కలన్నీ వరుసగా తిరిగితే కంటికి ధారగా పడుతున్నట్టుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ముక్క లోపల ఏం జరిగిందో కంప్యూటరు చూడదు. ముక్క మొదట్లో చూస్తుంది, చివర్లో చూస్తుంది. మధ్యలో అది కళ్ళు మూసుకుని తిన్నగా నడుస్తుంది.

గానుగ చుట్టూ తిరిగే ఎద్దును తలచుకోండి. దానికి కళ్ళకు గంతలు. ఒక్కో అడుగూ అది తిన్నగానే వేస్తుంది. గానుగ కాడి లాగి పట్టడం వల్లే దారి గుండ్రమవుతుంది. కాడి ఒక్క అడుగు ఆలస్యంగా లాగితే? ఎద్దు ప్రతి అడుగుకూ గుండ్రని దారికి కాస్త బయట తేలుతుంది. పది చుట్లకు చాలా దూరం పోతుంది. తాడుకు వేలాడి ఊగే బొమ్మకు కొత్తవాళ్ళు రాసే మొదటి ప్రోగ్రాములో జరిగేది ఇదే. ఊపు తగ్గాల్సింది పోయి ప్రతి ఊపుకూ పెరుగుతుంది, కాసేపటికి బొమ్మ తెర దాటి ఎగిరిపోతుంది. ఎక్కడి నుంచీ రాని శక్తి లెక్క తప్పులోంచి పుట్టుకొస్తోందన్నమాట.

మందు చాలా చిన్నది. పాత వేగంతో బొమ్మను జరిపి ఆ తర్వాత వేగం సరిచేయడం బదులు, ముందు వేగం సరిచేసి ఆ కొత్త వేగంతో జరపాలి. ప్రోగ్రాములో రెండు వరుసలు అటూ ఇటూ మార్చడమే. తప్పు పూర్తిగా పోదు గానీ ఒకే వైపు పేరుకోదు. అటొకసారి ఇటొకసారి పడి, ఊపు హద్దులో ఉంటుంది. ఈ రెండు వరుసల తారుమారుతో ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

## టబ్బుల వరస లాంటి తాడు

రెండో అంచెలో గుట్ట పైనుంచి ఒక పాత ఇనుప తాడు వేలాడుతుంటుంది. తాడును లెక్కలోకి ఎలా తేవాలి?

భూగర్భ గనుల్లో హాలర్ యంత్రం తాడు టబ్బులను, అంటే బొగ్గు తొట్లను, లాగడం చూసినవాళ్ళకు దీన్ని చెప్పడం సులువు. తాడు బిగియగానే టబ్బులన్నీ ఒకేసారి కదలవు. మొదటిది కదిలి, లింకు బిగిసి, రెండోదాన్ని ఝాడించి లాగుతుంది. అది మూడోదాన్ని. కబురు ఒక్కో లింకు దాటుకుంటూ వెనక్కి పోతుంది. కంప్యూటరు తాడు కూడా అలాంటి వరసే: ఇరవై చుక్కలు, పక్కపక్క చుక్కల మధ్య ఉండాల్సిన దూరం. ముందు ప్రతి చుక్కను స్వేచ్ఛగా పడనిస్తాం. తర్వాత జత జతగా చూస్తూ దూరం పెరిగిన చోట దగ్గరికి లాగుతాం. ఒక జతను సరిచేస్తే పక్క జత చెడుతుంది. అందుకే వరస మొత్తాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పాలి. నాలుగైదు విడతల్లో తాడు తాడులా కనిపిస్తుంది.

ఈ ఉపాయానికి దారి వేసినవాడు గేముల మనిషి కాదు. ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లూప్ వెర్లే 1967లో 864 ఆర్గాన్ అణువుల కదలికలను కంప్యూటరులో లెక్కగట్టాడు. ఆయన పద్ధతిలో వేగాన్ని విడిగా రాసుకోరు. వస్తువు ఇందాక ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అన్న రెండు చోట్లు గుర్తుంటే చాలు. వాటి తేడాయే వేగం. చుక్కను పట్టి కాస్త జరిపితే దాని వేగం తనంతట తానే సర్దుకుంటుంది. 2000లో వచ్చిన ‘హిట్‌మ్యాన్’ ఆటలో కూలిపోయిన మనుషుల ఒళ్ళు నేల మీద నిజంలా వాలేట్టు చేయడానికి థామస్ జేకబ్సన్ దీన్నే వాడి, మరుసటి ఏడాది గేముల తయారీదారుల సభలో వివరంగా చెప్పాడు. అప్పటి నుంచి తాళ్ళు, జెండాలు, చీర కొంగులు అన్నీ ఇలాగే ఊగుతున్నాయి.

మన ఆటలో మాత్రం ఇది ఒకచోట తిరగబడుతుంది. తేలికైన చుక్కల తాడు చివర బరువైన మనిషిని కడితే తాడు రబ్బరులా సాగుతుంది. అడుగున ఎంత బరువు వేలాడుతోందన్న కబురు పై కొసకు చేరేలోపే ఆ ముక్క కాలం అయిపోతుంది. విడతలను వందకు పెంచవచ్చు, కానీ పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. అనుభవమున్నవాళ్ళు చేసేది వేరు: పై కొసకూ మనిషి నడుముకూ మధ్య ఒకే ఒక్క కొలత పెడతారు, ఇంతకన్నా దూరం పోరాదని. బరువు మోసేది ఆ కనిపించని కొలత. ఇరవై చుక్కల తాడు కంటికి ఊగుతూ ఉంటుందంతే. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు. ఆటగాడికి కావలసింది తాడు సాగదన్న నమ్మకం, అది దొరుకుతోంది.

తాటిచెట్టు మోకుకైతే చుక్కలు కూడా అక్కర్లేదు. పక్క నుంచి చూసే బొమ్మలో అది నడుము నుంచి మానుకు ఒక గీత. బిగిసినప్పుడు మానును పట్టుకుంటుంది, వదులైతే జరుగుతుంది. అంతే.

> అరుగులోంచి దూరిపోయిన బొమ్మ
>
> గుట్ట ఒక మెట్టు ఎత్తు 30 మీటర్లు అనుకుందాం. అంతెత్తు నుంచి గాలిలో పడితే నేలను చేరేసరికి వేగం సెకనుకు సుమారు 24 మీటర్లు. అంటే ఒక్కో కాలపు ముక్కలో 40 సెంటీమీటర్లు. దారిలో 20 సెంటీమీటర్ల మందం అరుగు ఉందనుకోండి. ఈ ముక్కలో బొమ్మ అరుగు పైన ఉంది, తరువాతి ముక్కలో కింద ఉంది. తగిలిన క్షణం కంప్యూటరు కంట పడనే లేదు! నివారణలు మూడు: అరుగును మందం చేయడం, పడే వేగానికి హద్దు పెట్టడం, లేదా ముందు చోటికీ కొత్త చోటికీ మధ్య గీత గీసి దారిలో ఏదైనా అడ్డుందా అని వెతకడం. జామ్‌లో మొదటిదే చేయండి.

## గుట్ట ఆ కోణంలోనే ఎందుకు ఆగుతుంది

వాకిట్లో పిల్లలు పోసిన ఇసుక కుప్పకూ, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టకూ ఏటవాలు దాదాపు ఒకేలా ఉంటుంది. కుప్ప పైన ఇంకో గుప్పెడు పోస్తే కొంతసేపు నిలుస్తుంది, తర్వాత జారి అడుగు వెడల్పవుతుంది. వాలు మాత్రం మళ్ళీ మొదటిదే. కారణం చెట్టు దగ్గర చూసిందే. వాలు మీది రేణువును కిందికి లాగేదీ దాని బరువే, వాలుకు అదిమి పట్టేదీ దాని బరువే. బరువు రెండు వైపులా ఉంది కాబట్టి గుట్ట పెద్దదా చిన్నదా అన్నది లెక్కలో ఉండదు. రేణువుల గరుకే కోణాన్ని నిర్ణయిస్తుంది. తడి, బంకమన్ను కలిస్తే కథ మారుతుంది. అందుకే బొగ్గు గనుల నిబంధనలు డంపు వాలు ఆ మట్టి సహజ కోణాన్ని బట్టి ఉండాలంటూనే, ఎట్టి పరిస్థితిలోనూ 37.5 డిగ్రీలు మించరాదంటాయి. 30 మీటర్లు దాటితే మెట్లుగా పోయాలి. మొత్తం గుట్ట వాలు ఒకటి ఎత్తుకు ఒకటిన్నర వెడల్పు మించకూడదు. మన ఆటలో గుట్టకు ఈ అంకెలే వాడదాం, గీసిన బొమ్మ ఇక్కడివాళ్ళ కంటికి తెలిసిన గుట్టలా ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన జారుడు సంగతి. సహజ కోణంలో ఆగిన గుట్ట మీద ప్రతి రేణువూ ఇప్పటికే హద్దు అంచున ఉంది. దాని దగ్గర మిగులు పట్టు లేదు. పైకి అడుగు వేయాలంటే పాదం మట్టిని కిందికి తోయాలి, ఆ తోపుకు రేణువు లొంగిపోతుంది. పైగా జారడం మొదలయ్యాక రాపిడి ఇంకా తగ్గుతుంది. ఇంజిన్‌లో నిలకడ పట్టుకు ఒక అంకె, జారేటప్పుడు దానికన్నా చిన్న అంకె పెట్టుకోవాలి. ఈ రెండు అంకెల తేడాయే ఆటగాడి గుండె దడ. పాదం ఒకసారి కదిలిందంటే ఆపడం కష్టమని వేళ్ళకు తెలిసిపోతుంది.

చెట్టు మీద వాలి అదనపు అదుముడు సంపాదించినట్టు గుట్ట మీద చేయలేమా? వాలడానికి ఆసరా ఏదీ? అందుకే పైనుంచి తాడు వేలాడదీశాం. తాడు పట్టుకుని వెనక్కి వాలితే కొంత బరువు తాడు మీదికి పోతుంది, కాళ్ళు వాలును నేరుగా తన్నుతాయి. మొదటి అంచెలో చేతికొచ్చిన విద్యే రెండో అంచెలో పనికొస్తుంది, కొత్త మీట నేర్పనక్కర్లేదు. జామ్ ఆటకు ఇంతకన్నా మంచి పొదుపు లేదు.

నిజం డంపులు ఎక్కడం నిషేధం, ప్రాణాంతకం కూడా. ఈ గనుల ఊళ్ళ పిల్లలకు ఆ మాట ఆట మొదటి తెర మీదే పెద్ద అక్షరాలతో చెప్పాలి.

## ఆటగాడి వేళ్ళు

భౌతిక సూత్రాల మీద నడిచే ఎక్కుడు ఆటల్లో బెనెట్ ఫోడీ పేరు తప్పకుండా వస్తుంది. తత్వశాస్త్రం చదువుకున్న ఈ ఆస్ట్రేలియా మనిషి 2008లో ‘క్వాప్’ చేశాడు: పరుగుపందెగాడి తొడలకు రెండు మీటలు, పిక్కలకు రెండు. 2011 నాటి ‘గర్ప్’లో కొండరాతి మీద ప్రతి పట్టుకూ ఒక అక్షరం, ఆ అక్షరం నొక్కి పట్టుకుంటేనే చేయి అక్కడ ఉంటుంది, కాబట్టి ఆటగాడి వేళ్ళే మెలికలు పడతాయి. 2017లో ‘గెటింగ్ ఓవర్ ఇట్’: కొప్పెరలో నడుందాకా కూరుకుపోయిన మనిషి, చేతిలో పొడుగు సుత్తి, మౌసు కదిపితే సుత్తి కదులుతుంది. తప్పు చేస్తే గంటసేపు ఎక్కినదంతా ఒక్క జారులో పోతుంది.

ఆయన ఆటలను నేను మెచ్చుకునేది కష్టంగా ఉంటాయని కాదు. పడ్డప్పుడు ఎందుకు పడ్డామో ప్రతిసారీ తెలుస్తుంది, అదీ గొప్పతనం. ‘మోకు’ పరీక్ష కూడా అదే కావాలి. వాలు చాలలేదు కాబట్టి జారాను అని ఆటగాడికి చదవకుండానే తెలియాలి. అందుకోసం తెర మీద అంకెలూ గీతలూ వద్దు. మోకు బిగిసే కిర్రుమనే చప్పుడు పట్టును బట్టి పెరగనివ్వండి, జారబోయే ముందు మాను మీది పొట్టు రెండు రేకులు రాలనివ్వండి. ఆదివారం మధ్యాహ్నం మిగిలిన సమయమంతా ఈ చప్పుడు మీద పెట్టినా నష్టం లేదు.

## గని లెక్క, ఆట లెక్క

ఇదంతా కాలక్షేపమేనా అనేవాళ్ళకు ఒక పేరు చెప్పాలి: పీటర్ కండల్. రాళ్ళ దిమ్మెలు ఒకదానికొకటి ఆని ఉన్న కొండ ఎప్పుడు కూలుతుందో తెలుసుకోవడానికి ఆయన 1971లో ఒక పద్ధతి చెప్పాడు. ప్రతి దిమ్మెనూ విడిగా చూడు, తాకే చోట తోపూ రాపిడీ లెక్కగట్టు, కాలాన్ని చిన్న ముక్కలు చేసి ముందుకు జరుపు. 1979లో ఓటో స్ట్రాక్‌తో కలిసి దాన్ని ఇసుక లాంటి రేణువులకూ విస్తరించాడు. గని గోడలు, మట్టి గుట్టల నిలకడను అంచనా వేయడానికి ఇంజినీర్లు వాడే పద్ధతుల్లో ఇదొకటి. మనం మోకు కోసం రాసుకున్నదానికి ఇది దగ్గరి చుట్టం.

తేడా గడువులో ఉంది. ఆటకు ఒక ముక్క లెక్క సెకనులో అరవయ్యో వంతులో ముగియాలి, కంటికి నమ్మకంగా ఉంటే చాలు. ఇంజినీరు ముక్కలు అంతకన్నా ఎన్నో రెట్లు సన్నం. లెక్క గంటల కొద్దీ నడిచినా ఫరవాలేదు, అంకె మాత్రం సరిగ్గా రావాలి, ఆ అంకెను నమ్మి గుట్ట కింద మనుషులు పనిచేస్తారు. కనిపించని కొలతతో తాడును నిలబెట్టే మన ఉపాయం అక్కడ పనికిరాదు. కానీ ఒక వారాంతం ఈ ఆట చేసిన విద్యార్థి రేపు ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే, కాలపు ముక్క పెద్దదైతే ఏమవుతుందో, రాపిడి అంకె కాస్త తగ్గితే ఏది ముందు కదులుతుందో చేతివేళ్ళతో తెలుసుకునే వస్తాడు.

## వాన అంచె

గంటన్నర మిగిలిందనుకోండి. కొత్త బొమ్మలు గీసే ఓపిక ఉండదు. అదే తాటిచెట్టును మళ్ళీ వాడదాం. ఎండలో మాను పట్టు అంకెను, అంటే అదుముడుకు ఎన్ని రెట్లు పట్టు దొరుకుతుందో చెప్పేదాన్ని, 1 అని పెట్టామనుకుందాం. నడుము పాదాలకు ఎంత ఎత్తో చెట్టుకు అంత దూరం వాలితే నిలుస్తుంది. వాన కురిసిన చెట్టుకు 0.5 అని పెడదాం. ఇప్పుడు నిలవాలంటే రెండింతల దూరం వాలాలి, దాదాపు పడుకున్నట్టు. మోకు అంత పొడుగు లేదు. చెట్టు బొమ్మ మారలేదు, మీటలు మారలేదు. ఆటగాడు రెండు అంచెల్లో వేళ్ళకు పట్టిన లయతోనే మొదలుపెడతాడు, మూడో అడుగుకు పొట్టు రాలుతుంది, జారి కింద పడతాడు. మళ్ళీ ఎక్కి మళ్ళీ పడతాడు.

ఈ అంచెకు గెలుపు ఒకటే ఉంది. ఆ అంకెను ఒకటిన్నర నిమిషంలో 0.5 నుంచి మెల్లగా 1కి పెరగనివ్వాలి, మాను రంగు నలుపు నుంచి బూడిదకు తిరుగుతుండగా. అంతసేపూ చేయాల్సింది రెండు మీటలూ వదిలేసి, బొమ్మను చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, మాను ఆరేదాకా చూడటమే.